చివరి వరస మసక బల్బులు

ఈ ఏడాది ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది సామాను దింపిస్తుంటే, పాత ట్రంకుపెట్టె వెనక నుంచి జానెడు ప్లైవుడ్ ముక్క ఒకటి బయటపడింది. దాని మీద రెండు టార్చిలైటు బల్బులు, ఇత్తడి రేకుతో చేసిన ఒక స్విచ్చు, తుప్పుపట్టిన రెండు మేకులు ఉన్నాయి. రంగులు వేసే కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీదీ, ఫేంక్ దూఁ క్యా?" అన్నాడు, పారేయనా అని. నేను లాక్కున్న తీరుకి వాడు నిచ్చెన మీద నుంచి పడినంత పని చేశాడు. పాపం, వాడికేం తెలుసు. పదిహేనేళ్లుగా ఐటీఐలో పిల్లలకి సర్క్యూట్లు చెబుతున్నానంటే ఆ చెక్కముక్క పుణ్యమే. నా బతుకులో చేసిన అన్నిటికన్నా సిగ్గుమాలిన పొరపాటు కూడా దాని మీద సగమే నేర్చుకోబట్టే జరిగింది.

అప్పుడు మా ఇల్లు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో వాలు మీద ఉండేది. కింద చేపలు దిగే రేవు, పైన రోడ్డు. పొద్దున్నే కిటికీ తీస్తే ముందు చేపల వాసన, దాని వెనకే డీజిల్ వాసన, ఆ రెండూ కాస్త సర్దుకున్నాక మా అమ్మ పోపు వాసన వచ్చేవి. తాత నిద్ర లేచాడంటే నాలుగోది కూడా తోడయ్యేది. ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఊళ్లో చెడిపోయిన రేడియోలన్నీ ఆయన మంచం కింద ఉండేవి, మొహం కడుక్కోకముందే ఒకటి ముందేసుకుని సోల్డరింగు మొదలెట్టేవాడు. ఆ గుగ్గిలం పొగ నా జడలో కూడా ఉండేదని బళ్లో పిల్లలు ఏడిపించేవాళ్లు. తాత శ్రీకాకుళం అవతలి పల్లె నుంచి కుర్రతనంలో ఓడెక్కి వచ్చాడు. ఎన్నేళ్లున్నా ఆయన మాట మాత్రం ఆ పల్లె దాటి రాలేదు. మా నాన్న ఇక్కడే పుట్టాడు కాబట్టి ఆయన వాక్యం తెలుగులో మొదలై హిందీలో దిగేది. నాన్నది వైరింగు కాంట్రాక్టు పని. ఇంటి నిండా వైరు చుట్టలు, క్లిప్పులు, గోడకి వైరు బిగించే చెక్క బద్దీలు. అన్నం కంచం పెట్టుకోవాలంటే ముందు హోల్డర్ల డబ్బా జరపాలి.

నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. "పానీ ఆయా" అని పక్కింటివాళ్లు కేకేస్తే చాలు, అమ్మ పొయ్యి మీద ఏముందో కూడా చూసుకోకుండా డ్రమ్ముల దగ్గరికి పరిగెత్తేది. నాకు కరెంటు మొదట అర్థమైంది ఆ డ్రమ్ముల దగ్గరే. పైపు కుళాయికి తగిలించి నేను నిలబడితే తాత అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. "ట్యాంకు ఎక్కడున్నాది? డెలానీపూర్ కాడ, మెరక మీద. ఆ ఎత్తు వల్ల కదా నీళ్లు మనింటికి తోసుకుని వొస్తన్నాయి. ఆ తోపే ఓల్టేజీ. పైపులో పారతన్నాయే, ఆ నీళ్లు కరెంటు. ఇప్పుడు పైపు నొక్కు." నొక్కితే ధార సన్నబడేది. "అద్దీ. అడ్డం పడింది. తోపు అంతే ఉన్నాది, అడ్డం పెరిగింది, పారుడు తగ్గింది. ఆ అడ్డమే రెసిస్టెన్సు. ఇంకేటి నేదు, ఇంతే చదువు." అమ్మ లోపలి నుంచి, "మీ చదువు తగలెయ్య, డ్రమ్ము నిండలేదు ఇంకా" అని అరిచేది. ఓమ్ గారి సూత్రం నాకు అమ్మ తిట్లతో కలిసి వంటబట్టింది, అందుకేనేమో మళ్లీ మర్చిపోలేదు.

ఆ చెక్కముక్క తాత ఒక శనివారం తయారుచేశాడు. మేకుల మధ్య రెండు సెల్లులు బిగించి, అక్కణ్ణించి వైరు స్విచ్చుకి, స్విచ్చు నుంచి మొదటి బల్బుకి, మొదటి బల్బు నుంచి రెండో బల్బుకి, మళ్లీ సెల్లు అడుగుకి కలిపాడు. "కరెంటు ఎల్లిందంటే తిరిగి రావాల. తిరిగొచ్చే దారి నేకపోతే అసలు బయల్దేరనే బయల్దేరదు. ఎక్కడ తెంపినా అంతే" అని ఒక వైరు ఊడదీశాడు. రెండు బల్బులూ ఆరిపోయాయి. మళ్లీ పెడితే రెండూ వెలిగాయి. నాకు అదో పెద్ద వింత. పదిసార్లు తీసి పెట్టి, తీసి పెట్టి, అన్నీ వచ్చేశాయనుకున్నాను. నాకు చిన్నప్పటి నుంచీ ఆ జబ్బుంది, సగం వినగానే మొత్తం తెలిసిపోయినట్టుంటుంది. "ఇది ఒక రకం కలపడం. రెండో రకం రేపు సెప్తాను" అన్నాడు తాత. రేపు ఆదివారం.

ఆదివారం తెల్లవారి ఇల్లు ఊగింది. మంచాలు, గిన్నెలు, తాత రేడియోలు, అన్నీ ఒక్కసారి కదిలాయి. అందరం రోడ్డు మీదికి పరిగెత్తాం. కాసేపటికి కింద రేవులో సముద్రం పొంగి, పడవల్ని ఎత్తుకొచ్చి ఇళ్ల మధ్య వదిలి వెళ్లింది. మా ఇల్లు వాలు మీద ఉండబట్టి మాకు ఏమీ కాలేదు. ఏమీ కానివాళ్లం కాబట్టి ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. దక్షిణ దీవుల నుంచి ఓడల్లో జనం వస్తూనే ఉన్నారు. అమ్మ పెద్ద గిన్నెలో అన్నం వండి వాళ్లున్న క్యాంపుకి మోసేది, నేను చారు మోసేదాన్ని. ఇంతమంది ఇంత పోగొట్టుకున్నారే, మాకే ఎందుకు మిగిలింది అని నాకు ఏడుపొచ్చేది. రెండో పాఠం సంగతి తాతకీ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు.

కొన్ని నెలలకి ఊరి చివర కొండవాలులో రేకుల షెల్టర్లు లేచాయి. వాటిలో కొన్నిటి వైరింగు నాన్నకి వచ్చింది. సరిగ్గా అప్పుడే నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరతానన్నాను. పన్నెండో తరగతి అప్పుడే అయింది. నాన్న వినలేదు. "కుట్టుపని నేర్చుకో, కంప్యూటర్ నేర్చుకో, ఏదైనా నేర్చుకో. ఇంటికంతటికీ నేను తిన్న షాకులు చాలవా?" అన్నాడు. నేను అన్నం మానేశాను. అదీ ఒక పూటే, రాత్రికి అమ్మ చేపల పులుసు పెట్టింది. మూడు రోజులు తాతే నా తరఫున వాదించాడు. చివరికి నాన్న విసిగిపోయి ఒక షరతు పెట్టాడు. ఆయన వైరింగు పని మీద ఓడలో హట్ బే వెళ్తున్నాడు, నెల రోజులు పడుతుంది. షెల్టర్లలో చివరి వరస, ఎనిమిది గదులు, నేను వైరింగు చేయాలి. మెయిన్ బోర్డూ ఎర్తింగూ తాత చూసుకుంటాడు.

"నేను తిరిగొచ్చేలోపు ఆ ఎనిమిది గదుల నుంచి ఒక్క కంప్లెయింటు రాకూడదు. వస్తే ఇంకెప్పుడూ ఐటీఐ పేరెత్తకూడదు. బస్" అన్నాడు.

"రాకపోతే?"

"రాకపోతే ఫారం నేనే తెస్తాను. మాటంటే మాట."

ఆ ఎనిమిది గదులూ నేను ఎంత శ్రద్ధగా చేశానో చెబితే నమ్మరు. బద్దీలు మట్టం పెట్టి కొట్టాను. తాత కింద స్టూలు మీద కూర్చుని, ఎర్తింగు గోతిలో బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయించాడు. "తాతా, సముద్రం వచ్చి ఇంత ఉప్పు పోసి వెళ్లింది, మళ్లీ ఉప్పెందుకు?" అంటే, "అది మనకోసం పోసిందేటి, ఇది మనకోసం పోస్తన్నాం. నోరుమూసుకుని వెయ్యి" అన్నాడు. ఓడల్లో సహాయం సామాను వస్తోంది గాని వైరు చుట్టలు రావడం లేదు. వైరు పొదుపుగా వాడమని నాన్న వెళ్తూ వెళ్తూ మరీ చెప్పాడు. ఒక్కో గదికి లోపల ఒక బల్బు, వరండాలో ఒక బల్బు, రెండిటికీ కలిపి ఒకటే స్విచ్చు. నేను తెలివి ఉపయోగించాను. స్విచ్చు నుంచి లోపలి బల్బుకి, లోపలి బల్బు నుంచి వరండా బల్బుకి, అక్కణ్ణించి తిరుగు దారి. చెక్కముక్క మీద తాత చూపించినట్టే. ఎనిమిది గదులు పూర్తయ్యేసరికి బోలెడంత వైరు మిగిలింది. మిట్టమధ్యాహ్నం మెయిను వేశాం. రేకుల మీద ఎండ భగభగలాడుతోంది. బల్బులో తీగ ఎర్రబడటం చూశాను. "వెలిగిందా?" అని అడిగాడు తాత, ఆయన రెండు కళ్లలోనూ శుక్లాలే. "వెలిగింది తాతా" అన్నాను. వెలిగిన మాట నిజమే కదా.

నెల రోజులు ఒక్క కంప్లెయింటు లేదు. వారానికి రెండుసార్లు పగటిపూట వెళ్లి, ప్రతి గుమ్మంలోనూ నిలబడి, "లైట్లు బాగున్నాయా?" అని అడిగేదాన్ని. "బాగున్నాయమ్మా" అనేవాళ్లు. రోడ్డు మీద ఎవరు కనబడినా పిలిచి మరీ చెప్పేదాన్ని. మా అమ్మ భరించలేక, "నీ బల్బుల కబురు పోర్ట్ బ్లెయిరంతా అయింది, ఇక ఓడెక్కి పక్క దీవికి వెళ్లి చెప్పు" అంది.

నాన్న వచ్చే ముందురోజు సాయంత్రం, జాకెట్టు గుడ్డ తీసుకుని షెల్టరుకి వెళ్లాను. చివరి వరస మూడో గదిలో నరసమ్మత్త ఉండేది. చుట్టం కాదు, క్యాంపులో చారు పోసిన రోజు నుంచీ అత్తే. దక్షిణాన క్యాంప్‌బెల్ బేలో వాళ్లకి చిన్న బట్టల కొట్టుండేది. ఇల్లూ కొట్టూ రెండూ పోయి, భర్తా తనూ కట్టుబట్టలతో వచ్చారు. సాయంగా ఎవరో ఇచ్చిన కుట్టుమిషనే వాళ్లకి ఇప్పుడు అన్నం పెడుతోంది. అప్పుడే పొద్దు గూకుతోంది. ముందు వరసల్లో లైట్లు పడ్డాయి, తెల్లగా ధగధగలాడుతున్నాయి. చివరి వరసలో మాత్రం ఎనిమిది గదులూ పసుపు ముద్దల్లా ఉన్నాయి. వంద క్యాండిల్ బల్బులు జీరో బల్బుల్లా మూలుగుతున్నాయి.

"అత్తా, ఇదేంటి ఇలా ఉంది?"

"లైను సివరి గదులు కదమ్మా. పవర్ హౌసు నుంచి ఇంత దూరం ఓల్టేజీ ఎక్కడొస్తాది. మాకు అలవాటేలే" అంది. మా దీవుల్లో పుట్టి పెరిగినవాళ్లెవరైనా అదే అంటారు. మసగ్గా వెలిగితే పవర్ హౌసుని తిట్టుకుంటాం, ఆరిపోతే కొవ్వొత్తి వెలిగించుకుంటాం. అంతేగాని వైరింగు చేసినవాణ్ణి అనుమానించడం మాకు తెలీదు. తర్వాత నరసమ్మత్త ఇంకో మాట చెప్పింది. "ఇంకో వింత సూడు, వరండా బల్బు తిప్పి తీసేస్తే లోపలిది కూడా పోతాది. రెండిటికీ చాలినంత కరెంటు నేదు పాపం." ఆ మాటకి తలెత్తి వరండా బల్బు కేసి చూశాను. ఎక్కడ తెంపినా రెండూ ఆరిపోతాయని చెక్కముక్క మీద చూసినదాన్ని నేనే కదా.

జాకెట్టు గుడ్డ చేతిలోకి తీసుకోలేదు అత్త. "ఇది ఇంకెవరికైనా ఇయ్యమ్మా. నా కళ్లు పోతన్నాయి. పగలు ఇంటి పని, నీళ్ల పని. కుట్టుకునేది సాయంత్రాలే. నెల నుంచీ సూదిలో దారం ఎక్కడం నేదు. ఆకుపచ్చ గుడ్డకి నీలం దారం ఏసీసి, ఇప్పి మళ్లీ కుట్టినాను. మిషను మా ఆడపడుచు కూతురికి ఇచ్చేద్దామనుకుంటన్నాం" అంది. ఆ మాట చెబుతూ నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వచ్చి తాతకి అంతా చెప్పాను.

తాత వెంటనే నేల మీద సుద్దముక్కతో గీశాడు. రెండు గీతలు పక్కపక్కన, వాటి మధ్య నిచ్చెన మెట్లలా రెండు బల్బులు. "ఇది రెండో రకం. ప్రతి బల్బుకీ సొంత రాక, సొంత పోక. పూర్తి తోపు దేనిది దానికే. నువ్వు ఒకదాని తర్వాత ఒకటి గుచ్చేశావు. ఒకే తోపుని రెండూ సగం సగం పంచుకున్నాయి" అన్నాడు. సుద్దముక్క పక్కన పెట్టేశాడు. "ఆ ఆదివారం సెప్పాల్సిన పాఠం. తప్పు నాది. రేపు పొద్దున్నే ఎల్లి మార్చేద్దాం. మీ నాన్న ఓడ సాయంత్రానికి గాని రాదు. ఎవరికి తెలుస్తాది?"

ఇప్పుడు మా ఐటీఐ పిల్లలు సీరీసూ ప్యారలలూ ఫోనులో ఐదు నిమిషాల వీడియో చూసి నేర్చేసుకుంటారు. ఒక బల్బు కొంచెం మినుకుమంటే చాలు, ఫొటో తీసి కంప్లెయింటు పెట్టేస్తారు, పదినిమిషాల్లో ఎవరూ రాకపోతే నాకే ఫోన్ చేస్తారు. మంచిదే, నాకేం బాధ లేదు. అప్పటి ఓర్పు గొప్పదని నేను చచ్చినా అనను, ఆ ఓర్పు వల్ల ఒకావిడ తన కళ్లే పోయాయనుకుంది. కానీ మొదటి వారంలోనే నేను మా పిల్లల చేత రెండు పెద్ద బల్బులు సీరీసులో కట్టించి, తలుపులు మూసి, ఆ వెలుతురులో సూదిలోకి దారం ఎక్కించమంటాను. ఈ టీచరుకి పిచ్చి అనుకుంటారు. అనుకోనీ.

మర్నాడు పొద్దున్నే మిగిలిన వైరంతా భుజాన వేసుకుని వెళ్లాం. మధ్యాహ్నానికి ఎనిమిది గదులూ మార్చేశాను. నరసమ్మత్త గదిలో కిటికీ రేకు దించి, తలుపు మూసి స్విచ్చు వేశాను. గది గదంతా తెల్లగా అయింది. అత్త ముందు బల్బుని కాదు, గోడవార గిన్నెల్ని చూసింది. "ఓలమ్మ, ఇంత మసుందా వీటికి" అంది. తర్వాత సూది తీసి దారం పెట్టింది. మొదటిసారికే ఎక్కింది. దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించింది. అలా మూడుసార్లు. మూడోసారి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అక్కడ నేను ఆగలేకపోయాను. "నీ కళ్లు బాగానే ఉన్నాయత్తా. పవర్ హౌసుదీ తప్పు కాదు. నేనే తప్పుగా కట్టాను" అన్నాను. ఆవిడ సూది గుడ్డకి గుచ్చి పెట్టింది. "నెల్లాళ్లు నన్ను గుడ్డిదాన్ని చేశావు కదే, గుంటా" అని నెత్తి మీద ఒక్కటి మొట్టింది. మొట్టి, నా షరతు సంగతి తనకీ తెలుసు కాబట్టి, "మీ నాన్నతో నేను సెప్పను. నువ్వూ సెప్పకు" అంది.

సాయంత్రం నాన్న జెట్టీ నుంచి తిన్నగా షెల్టరుకే వెళ్లి, ఎనిమిది గుమ్మాల్లోనూ అడిగి ఇంటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. నా వీపు మీద తట్టి, "ఒక్క కంప్లెయింటు లేదు. రేపే ఫారం తెస్తాను, పక్కా" అన్నాడు. తాత రేడియోలో తల దూర్చాడు. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. నోరు మూసుకుంటే అయిపోయేది. నెల రోజులు ఊరంతా చాటుకున్న నోరు అప్పుడు మాత్రం ఎంత తెరిచినా తెరుచుకోలేదు. చివరికి, "ఒక కంప్లెయింటు ఉంది నాన్నా. నేనే ఇస్తున్నాను" అని మొత్తం చెప్పాను, సూది సంగతితో సహా.

నాన్న కాఫీ తాగలేదు. "మాటంటే మాట" అన్నాడు, అంతే. ఆ రాత్రి అమ్మ ఏం వండిందో నాకు గుర్తు లేదు. నా ట్రేడు పోయింది, నా ఐటీఐ పోయింది, మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాను. పొద్దున్నే నాన్న నన్ను లేపి, "పద. ఎనిమిది గదులకీ నువ్వే చెప్పాలి" అని బయల్దేరదీశాడు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, మీ లైటు నెల రోజులు మసగ్గా ఉండటానికి కారణం నేను అని చెప్పాను. కొందరు నవ్వారు, ఒకాయన కసిరాడు, ఒక ముసలావిడకి ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాక చేతిలో అరటిపండు పెట్టి పంపింది. నాన్న పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు గాని ఒక్క మాట సాయం రాలేదు.

అంతా అయ్యాక నరసమ్మత్త బయటికొచ్చింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. "బాబూ, సముద్రం వొచ్చిన కాణ్ణుంచీ మా గుమ్మంలోకి ఎంతమందో వొచ్చారు. రాసుకున్నోళ్లు, ఫొటోలు తీసుకున్నోళ్లు, మళ్లీ వొస్తాం అన్నోళ్లు. నాదీ తప్పు అని సెప్పడానికి వొచ్చింది మాత్రం ఈ గుంటొక్కతే. దీన్ని పంపకపోతే మరెవర్ని పంపుతావు ఆ సదువుకి?" అంది.

నాన్న ముందు నడిచాడు. కొండవాలు దిగి ఇద్దరం రోడ్డు మీదికొచ్చాం. జంగ్లీఘాట్ బస్సు వచ్చి ఆగింది, నేను ఎక్కబోతే నాన్న కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది. కాసేపటికి ఎదురువైపు వెళ్లే బస్సు వచ్చింది. అది ఐటీఐ మీదుగా పోతుందని నాకు ఎప్పటి నుంచో తెలుసు, ఎన్నోసార్లు దాని వెనక అద్దం కేసి చూస్తూ నిలబడ్డాను. నాన్న చెయ్యెత్తి దాన్ని ఆపాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి, "నా మాట పోతే పోయింది. ఎక్కు" అన్నాడు.